పిల్లల కార్టూన్ సీరియల్‌కి మా రాక్ బ్యాండు సంగీతం: ఒప్పుకున్నాం, ఇప్పుడు గుబులుగా ఉంది

ఆరుతీగలు రాశారు:

అందరికీ నమస్కారం. మాది నలుగురి బ్యాండు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్. తొమ్మిదేళ్లుగా గట్టి రాక్ తప్ప మరొకటి వాయించి ఎరుగం. పోయిన నెల ఒక యానిమేషన్ స్టూడియో వాళ్లు పిలిచి, ఆరేడేళ్ల పిల్లల కోసం తీస్తున్న కార్టూన్ సీరియల్‌కి సంగీతం చేయమన్నారు. ఒక టైటిల్ పాట, ఎపిసోడుకో చిన్న పాట, మధ్యలో నేపథ్య సంగీతం. మొత్తం 26 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి 11 నిమిషాలు. కథ ఏమిటంటే భోంభోం అనే ఏనుగు పిల్ల, చిటుకు అనే ఉడుత, నిదానం అనే తాబేలు కలిసి ఒక పాడుబడిన గోదాములో బ్యాండు పెట్టుకుంటాయి. అందుకే నిజంగా బ్యాండుగా వాయించేవాళ్లు కావాలని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారట.

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాం. నాలుగు రోజుల్లో టైటిల్ పాట చేసి పంపాం. నిడివి నిమిషం నలభై సెకన్లు. అందులో ఇరవై సెకన్ల గిటార్ సోలో ఉంది. అది నాదే, బాగా కుదిరిందని నా నమ్మకం. జవాబు మూడు ముక్కల్లో వచ్చింది: "30 సెకన్లలో కావాలి. పాత్రల పేర్లు వినిపించడం లేదు. మీరు ఎవరి మీద కోపంగా ఉన్నారు?"

మూడోది చదివి మా డ్రమ్మర్ పడీపడీ నవ్వాడు. బేస్ వాయించే మిత్రుడు మాత్రం నవ్వలేదు. "ఉడుత పాటలు చేశాక మన పాటలు ఎవరు వింటారు?" అన్నది అతని బాధ. నిజం చెప్పొద్దూ, ఆ బాధ నాలోనూ కొంత ఉంది. ఈ పని చేసినవాళ్లు గానీ, చేయించినవాళ్లు గానీ, రోజూ ఇలాంటివి ఇంట్లో భరించేవాళ్లు గానీ ఉంటే చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత క్యాసెట్ రాశారు:

ముందు మీ బేస్ మిత్రుడి సంగతి చూద్దాం. ఈ దారిన నడిచినవాళ్లు చిన్నాచితకా మనుషులు కారని ఆయనకు చెప్పండి. డీవో బ్యాండు మార్క్ మదర్స్‌బా 1991 నుంచి రగ్‌రాట్స్ అనే కార్టూన్‌కి సంగీతం చేశాడు. ద పోలీస్ అనే బ్యాండు డ్రమ్మర్ స్టూవర్ట్ కోప్‌లాండ్ అంతకు ముందే, 1985లో, స్టార్ వార్స్ రోబోల కార్టూన్ డ్రాయిడ్స్‌కి టైటిల్ పాట ఇచ్చాడు. 1994లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ కార్టూన్ టైటిల్ సంగీతం ఏరోస్మిత్ గిటారిస్టు జో పెరీది. వీళ్లెవరి పరువూ పోలేదు.

అయితే మీరు కూర్చుని వినవలసింది దే మైట్ బీ జెయింట్స్‌ని. జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లినెల్ అనే ఇద్దరు జాన్‌లు 1982లో మొదలుపెట్టిన బ్యాండు అది. 1991లో టైనీ టూన్ అడ్వెంచర్స్ అనే కార్టూన్ ఈ బ్యాండు పాటలు రెండింటికి బొమ్మలు కట్టింది. తమాషా ఏమిటంటే ఆ రెండూ పిల్లల కోసం చేసినవి కావు, వాళ్ల మామూలు ఆల్బమ్‌లోవే. పిల్లలు వాటిని తమవి చేసేసుకున్నారు. ఆ తర్వాత పదకొండేళ్లకు, 2002లో గానీ పిల్లల కోసమని ప్రత్యేకంగా ఆల్బమ్ చేయలేదు. 2006లో మిక్కీ మౌస్ క్లబ్‌హౌస్‌కి మొదటి పాట, చివరి పాట చేశారు. అంకెల మీద చేసిన ఆల్బమ్‌కి 2009లో పిల్లల విభాగంలో గ్రామీ వచ్చింది. ఈ మధ్యలో పెద్దల ఆల్బమ్‌లు ఆపనూ లేదు, రెండు రకాల గొంతులు పెట్టుకోనూ లేదు. ఏ పాట ఏ డబ్బాలోదో పేరు చూడకుండా చెప్పడం ఒక్కోసారి నావల్ల కాదు.

మొండి చెవి రాశారు:

పాత క్యాసెట్ గారు నాణేనికి బొమ్మ వైపే చూపించారు. బొరుసు వైపు నేను తిప్పుతాను.

కార్టూన్ రాక్ బ్యాండు అనగానే నాకు గుర్తొచ్చేది ద ఆర్చీస్. 1968లో సీబీఎస్‌లో మొదలైన బొమ్మల బ్యాండు. 1969లో వాళ్ల షుగర్ షుగర్ బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ బ్యాండులో వాయించే మనిషి ఒక్కడూ లేడు! పాడినవాడు రాన్ డాంటే అనే స్టూడియో గాయకుడు. వెనక ఉండి నడిపినవాడు డాన్ కిర్ష్‌నర్. ఆయన అంతకు ముందు మంకీస్ బ్యాండుకు పాటలు సమకూర్చేవాడు. మా పాటలు మేమే వాయించుకుంటామని ఆ కుర్రాళ్లు ఎదురుతిరిగితే 1967లో కిర్ష్‌నర్ బయటికి రావలసి వచ్చింది. తర్వాత ఎదురు చెప్పడానికి నోరు లేని బ్యాండును చూసుకున్నాడు. బీటిల్స్ పేరుతో 1965లో ఏబీసీలో వచ్చిన కార్టూన్ సంగతి చూడండి. పాటలు వాళ్లవే, బొమ్మల మాటలు మాత్రం వేరే నటులవి.

కాబట్టి ఆరుతీగలు గారూ, స్టూడియోకి కావలసింది మీరా, మీ గిటారు చప్పుడా అన్నది ముందు తేల్చుకోండి. "రాక్ లాగా ఉండాలి" అన్నారంటే చప్పుడే కావాలన్నమాట.

తాళం తప్పిన డ్రమ్మర్ రాశారు:

ఎవరి మీద కోపంగా ఉన్నారు అని అడిగినవాళ్లకు నా తరఫున ఒక దండం. మా బ్యాండును ఇన్నేళ్లలో ఎవరూ అంత సూటిగా అడగలేదు.

ఫ్రేము లెక్క రాశారు:

నేను బొమ్మల వైపు మనిషిని. కార్టూన్ల ఎడిటింగ్ చేస్తాను. పరువు ప్రతిష్ఠల సంగతి మీరంతా తేల్చండి, నేను గడియారం సంగతి చెబుతాను.

మీరు ఆ పాట ఏ వేగంలో చేశారో గానీ, చాలామంది అలవాటుగా నిమిషానికి 120 దెబ్బలు పెట్టుకుంటారు. ఆ వేగంలో 30 సెకన్లకు 60 దెబ్బలు. నాలుగేసి చొప్పున 15 బార్లు. పదిహేను బేసి. నాలుగు బార్ల ముక్కలుగా పేర్చుకుంటూ వస్తే చివరి ముక్క మూడు కాళ్ల కుర్చీలా మిగులుతుంది. అక్కడ ఏదో ఒకటి అతికిస్తారు, ఆ అతుకు ప్రతి ఎపిసోడులోనూ వినిపిస్తూనే ఉంటుంది. వేగాన్ని 128కి పెంచండి. 30 సెకన్లకు 64 దెబ్బలు, సరిగ్గా 16 బార్లు. నాలుగు నాలుగులు. సెకనుకు 24 ఫ్రేముల మీద పని చేస్తుంటే ఇంకా హాయి, ఒక్కో బారుకు కచ్చితంగా 45 ఫ్రేములు వస్తాయి. ఏనుగు కాలు ఎక్కడ నేల మీద పడాలో బొమ్మలు గీసేవాళ్లు కళ్లు మూసుకుని చెప్పగలరు. 25 ఫ్రేములైతే ఈ సుఖం లేదు, కాబట్టి ముందు అది కనుక్కోండి.

రెండో సంగతి, కొత్తవాళ్లు తప్పకుండా పొరబడేది. పాత్రలు నోరు తెరిచి పాడే పాటలు బొమ్మల కంటే ముందు పూర్తి కావాలి. పెదవుల కదలిక ఆ పాటను బట్టే గీస్తారు. నేపథ్య సంగీతం దానికి తలకిందులు. బొమ్మ కూర్పు ఖాయమయ్యాక, ఇక ఒక్క ఫ్రేము కూడా జరగదు అని ఎడిటర్ ఒట్టు వేశాక మొదలుపెట్టాలి. ఆ ఒట్టు నిలబడదు. నాలుగు ఫ్రేములు కోశాం, ఏమీ అనుకోకండి అని ఫోను వస్తుంది. అలా ఫోను చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

తాళం తప్పిన డ్రమ్మర్ రాశారు:

ఫ్రేము లెక్క గారి లెక్కను ఫోనులో మా గిటారిస్టుకు వివరిస్తున్నాను. "నాలుగు బార్లు అయ్యాక ఒక్క క్షణం ఆగి, మళ్లీ నాలుగు బార్లు" అంటుంటే పక్క గదిలోంచి అమ్మ వచ్చి, ఈ రాత్రి నువ్వు ఎక్కడికీ వెళ్లడానికి వీల్లేదు అంది.

ఆరుతీగలు రాశారు:

మాది 24 ఫ్రేములే, ఇప్పుడే అడిగాను. పాట వేగం 140. ఫ్రేము లెక్క గారి లెక్కతో కాగితం మీద 16 గళ్లు గీసుకుని చూశాను. మూడు పేర్లు, వాళ్లెవరో చెప్పే ఒక మాట, అందరూ కలిసి అరిచే పల్లవి, అంతే, గళ్లు నిండిపోయాయి. నా సోలోకి మిగిలింది రెండు బార్లు. మూడు సెకన్ల ముప్పావు!

మొండి చెవి గారి ప్రశ్న మాత్రం గుచ్చుకుంది. మేము పంపిన పాటలో మేమున్నామా, మా చప్పుడు ఉందా అని మళ్లీ విన్నాను. చప్పుడే ఉంది. మా అసలు పాటల్లో ఉండే వెటకారం అందులో లేదు. పిల్లల కోసం కదా అని తీసేశాం.

ఇద్దరి అమ్మ రాశారు:

భరించేవాళ్లు అన్నారు కాబట్టి నేనూ వచ్చాను. మా ఇంట్లో ఏడేళ్ల అబ్బాయి, నాలుగేళ్ల అమ్మాయి. టైటిల్ పాటలను రోజుకు పది సార్లకు తక్కువ కాకుండా వింటాను. ఈ వేదిక మీద అంత శ్రద్ధగా సంగీతం వినేవాళ్లు ఇంకెవరూ ఉండరు, నాకు వేరే దారి లేదు.

మీరు తీసేశామన్నారే వెటకారం, దాన్ని మళ్లీ పెట్టండి. పిల్లలకు అర్థం కాదనుకోవడం పెద్దవాళ్ల భ్రమ. మావాడికి ఇష్టమైన పాటల్లో ఒకటి ఫినియస్ అండ్ ఫర్బ్‌ది. బౌలింగ్ ఫర్ సూప్ అనే బ్యాండు పాడింది. వేసవి సెలవులు 104 రోజులు అన్న లెక్కతో మొదలై, ఆ రోజుల్లో చేయదగిన పనులు వరసగా చెప్పుకుంటూ పోతుంది. అందులో సగం పనులు ఏ తల్లీ ఒప్పుకునేవి కావు. వాడికి ఆ పాట మీద ప్రేమ అక్కడే. గొంతు మార్చి, ముద్దుముద్దుగా, చప్పట్లు కొడదామా అనే పాటలు మొదలైతే చెల్లెలు చూస్తుంది గానీ వాడు గది దాటిపోతాడు.

ఇంకొకటి గమనించాను. వాడు పాడుకునేది మాటలు కాదు. స్నానం చేస్తున్నప్పుడు "డగడగ డగడగ డాం" అని గిటారు ముక్క పాడతాడు. మాటలు వచ్చే చోట హుమ్మని కూనిరాగం తీసి, మళ్లీ గిటారు దగ్గర నోరు తెరుస్తాడు. మీ మూడు సెకన్ల ముప్పావు తక్కువేమీ కాదు.

గణవిభజన రాశారు:

నేను రాక్ వినను. కానీ పాత్రల పేర్లు వినిపించడం లేదు అన్న మాట చూసి ఆగలేకపోయాను. ఆరుతీగలు గారూ, మీ పాటలో "చిటుకు" అన్న పేరును ఎలా పాడారో ఒకసారి రాస్తారా?

ఆరుతీగలు రాశారు:

రాస్తే బాగుండదు గానీ అడిగారు కాబట్టి: "చీఈఈ టూఊఊ కూఊఊ". మా గాయకుడు ఆఖరి అక్షరాన్ని పైకి లాగి అక్కడ కొంచెం అరుస్తాడు.

గణవిభజన రాశారు:

అనుకున్నాను. చిటుకు అంటే మూడు లఘువులు. చిటికె వేసినంత సేపట్లో అయిపోవలసిన పేరు. దాన్ని మూడు గురువులుగా సాగదీస్తే ఉడుత కాస్తా ఊడలమర్రి అయింది. వినేవాడి చెవి ఆ మూడు ముక్కలను కలిపి ఒక పేరుగా కట్టుకోలేదు. గిటారు మోత తగ్గించినా వినిపించదు, లోపం మోతలో లేదు.

నిదానం చూడండి. ఒక లఘువు, రెండు గురువులు. "ని"ని దెబ్బకు ముందు తేలిగ్గా అని, "దా"ని దెబ్బ మీద కూర్చోబెట్టండి, "నం"ని తర్వాతి దెబ్బ మీద దించండి. తాబేలు నడక దానంతట అదే వస్తుంది. భోంభోం రెండూ గురువులే, రెండు దెబ్బలు, ఏనుగు అడుగులు. చిటుకుని మాత్రం సగం దెబ్బల మీద టకటక మూడు కొట్టి, నాలుగో సగాన్ని ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీలో మీ డ్రమ్మర్ ఒక్క దెబ్బ వేసుకోవచ్చు. పేర్లు పెట్టినవారెవరో గానీ చెవి ఉన్న మనిషి. మీ పని సగం వాళ్లే చేసిపెట్టారు.

తాళం తప్పిన డ్రమ్మర్ రాశారు:

రాక్ వినను అన్న మనిషి నా చేతికి ఇన్నేళ్లలో ఎవరూ ఇవ్వనంత మంచి దెబ్బ ఇచ్చారు. గణవిభజన గారూ, మీ కోసం ఆ ఖాళీలో కౌబెల్ (పుల్లతో కొట్టే లోహపు గంట) వేస్తాను.

శబ్దాల పెట్టె రాశారు:

మిక్సింగ్ నా వృత్తి. గణవిభజన గారి మాట నిజమే గానీ గిటారు మోత పూర్తిగా నిర్దోషి కాదు. గిటారును డిస్టార్షన్‌లో పెడితే ప్రతి స్వరానికీ పైన బోలెడు ఉపస్వరాలు పుట్టుకొస్తాయి. అవి వెయ్యి నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య దట్టంగా పేరుకుంటాయి. మాటల్లో హల్లులు స్పష్టంగా వినిపించేది కూడా దాదాపు అక్కడే. చ, ట, క తేడా తెలియాలంటే ఆ చోటు ఖాళీగా ఉండాలి. మీరేమో అక్కడ రెండు గిటార్ల గోడ కట్టారు. పైగా డిస్టార్షన్‌లో హెచ్చుతగ్గులు ఉండవు, సన్నని సందు కూడా దొరకదు.

గిటార్లు తీసేయమనడం లేదు. పేర్లు వచ్చే బార్లలో తీగల మీద అరచెయ్యి ఆనించి పొడిపొడిగా కొట్టండి. పాటను బేస్, డ్రమ్స్ మోస్తాయి. పల్లవి రాగానే చెయ్యి ఎత్తేయండి, గోడ ఒక్కసారిగా లేస్తుంది. మొదటి నుంచీ గట్టిగా ఉంటే ఎక్కడా గట్టిగా ఉన్నట్టు అనిపించదు. అలాగే మిక్సును పిండిపిండి పెద్ద చప్పుడు చేసి పంపకండి. ప్రసారంలో చప్పుడు ఎంత ఉండాలన్నదానికి కొలత ఉంది, దాన్ని ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే లెక్కలో చెబుతారు. యూరప్ ఆర్128 ప్రమాణం ప్రకారం మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్, అమెరికా ఏ85 ప్రకారం మైనస్ 24. మీరెంత అరిచినా చివరికి ఆ గీత దగ్గరికే దించుతారు. పిండిన పాట దిగాక నీరసంగా వినిపిస్తుంది.

మరో మాట. గొంతులు, గిటార్లు, బేస్, డ్రమ్స్ విడివిడి ట్రాకులుగా దాచి ఇవ్వండి. సీరియల్ వేరే భాషల్లోకి వెళ్లినప్పుడు మాటలు మార్చి సంగీతాన్ని అలాగే ఉంచుతారు. గొంతు సంగీతంలో కలిసిపోయి ఉంటే మళ్లీ మిమ్మల్నే పిలిచి, అప్పటికి మీరు అమ్మేసిన గిటారుతోనే వాయించమంటారు.

మొండి చెవి రాశారు:

అంతా కలిసి రాక్ బ్యాండును బడిపిల్లవాడిని చేస్తున్నారు. చెయ్యి ఆనించు, పేరు స్పష్టంగా పలుకు, గీత దాటకు! ఇక మిగిలిందేమిటి?

పాత క్యాసెట్ రాశారు:

మిగిలింది ఏమిటో స్పాంజ్‌బాబ్‌లో వినండి. 2001లో ఒక ఎపిసోడుకి మెటల్ బ్యాండు పాంతెరా వాయించింది. అవును, ఆ పాంతెరానే. తమ ఆల్బమ్‌లోని పాటనే మాటలు తీసి ఇచ్చారు, కుర్చీలో కూర్చుని వినలేనంత మెటల్. అది ఎందుకు సరిపోయిందంటే కథలో ఉడుత శాండీ నిద్రాకాలానికి ముందు ఒళ్లు తెలియకుండా ప్రమాదకరమైన ఆటలు ఆడుతుంటుంది. ఆ హడావుడికి ఆ చప్పుడే న్యాయం. (మీ కథలోనూ ఉడుత ఉంది, చూసుకోండి.) 2000లో అదే సీరియల్‌కి వీన్ అనే బ్యాండు బూటు తాడు ముడి వేయడం మీద పాట చేసింది. పిల్లలకు నేర్పే పాటే, కానీ ఎక్కడా వేలు ఆడిస్తూ చెప్పదు. వీన్ మామూలుగా ఎంత వింతగా ఉంటుందో అందులోనూ అంత వింతగానే ఉంటుంది. స్పాంజ్‌బాబ్‌ని సృష్టించిన స్టీఫెన్ హిలెన్‌బర్గ్‌కి వీన్ 1997లో చేసిన సముద్రపు ఆల్బమ్ ఇష్టం, సీరియల్ ఊహలో దానికీ వాటా ఉంది. అంటే బ్యాండు వెనక కార్టూన్ నడిచింది, మొండి చెవి గారూ.

ఆర్చీస్ విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. ఒక్క ప్రశ్న: ఆ పాట మీకు నచ్చదా?

మొండి చెవి రాశారు:

నచ్చుతుంది. అదే నా కోపం.

నీలి తెర రాశారు:

టీన్ టైటన్స్ ఎవరూ ఎత్తలేదేమిటి? 2003లో వచ్చింది. టైటిల్ పాట జపాన్ జంట పఫీ అమీయూమీది. రాసి చేసింది జెల్లీఫిష్ బ్యాండులో ఉండిన ఆండీ స్టర్మర్. ఆ పాటకు ఇంగ్లీషులో ఒకటి, జపనీస్‌లో ఒకటి రెండు రూపాలున్నాయి. కథ గంభీరంగా ఉంటే ఇంగ్లీషుది, ఆ రోజు వెర్రి వేషాలుంటే జపనీస్‌ది వేసేవారు. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా, మొదటి ముక్క వినగానే ఈ రోజు నవ్వే రోజు అని పిల్లలకు తెలిసిపోయేది. మరుసటి ఏడు ఆ ఇద్దరినే బొమ్మలుగా పెట్టి కార్టూన్ నెట్‌వర్క్ ఒక సీరియల్ తీసింది.

పవర్‌పఫ్ గర్ల్స్ చివర్లో పేర్లు వెళ్తున్నప్పుడు వచ్చే పాట కూడా బ్యాండుదే. గ్లాస్గో నుంచి వచ్చిన బిస్. 1998. ఇప్పుడు విన్నా కాళ్లు ఊరుకోవు.

ఇద్దరి అమ్మ రాశారు:

ముద్దుముద్దు మాటల గురించి అన్నాను కదా, దే మైట్ బీ జెయింట్స్ సంగతి ఒకటి చెప్పి తీరాలి. సూర్యుడు ఎందుకు వెలుగుతాడు అని ఒక పాత పాట ఉంది, 1950ల నాటి విజ్ఞాన గీతం. సూర్యుడు మండే వాయువు ముద్ద అంటుంది. వీళ్లు దాన్ని 1990ల్లో పాడారు, 2009లో పిల్లల విజ్ఞానం ఆల్బమ్‌లో మళ్లీ పాడారు. పాట బాగుంది, సంగతి తప్పు. సూర్యుడు వాయువు కాదు, ప్లాస్మా. అప్పుడు వాళ్లు పాత పాటను తీసేయలేదు. ముందు పాటలో చెప్పింది ఇక చెల్లదు అంటూ అదే ఆల్బమ్‌లో మరో పాట పెట్టారు!

మావాడు ఆ రెండూ విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాటలో కూడా తప్పు రాస్తారా అమ్మా?" అన్నాడు. రాస్తారు అన్నాను. ఆ వారం వాడికి ఎక్కడ చూసినా తప్పులే కనిపించాయి. నా వంటలోనూ కనిపించాయి, అది వేరే కథ.

చిల్లర లెక్క రాశారు:

సంగీతం మీరంతా చూసుకున్నారు, నేను కాగితం సంగతి చెబుతాను. ఇది నా సొంత అనుభవం, కాబట్టి కొంత చేదుగా ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట మేము ఒక చిన్న సీరియల్‌కి టైటిల్ పాట చేశాం. పేరు చెప్పను. ఒకేసారి డబ్బు ఇచ్చి, సర్వహక్కులూ మావే అన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ డబ్బుతో కొత్త యాంప్ కొనుక్కుని మురిసిపోయాం. రెండేళ్లకు ఒక బొమ్మల దుకాణంలో మీట నొక్కితే పాడే బొమ్మ చూశాను. నొక్కాను. నా గొంతే. బ్యాటరీ నీరసించి ఉందేమో, అరస్వరం తక్కువ శ్రుతిలో పాడుతోంది. ఆ బొమ్మ కొనాలంటే నేను డబ్బులిచ్చి కొనుక్కోవాలి. కొన్నాను కూడా.

కాబట్టి సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. సీరియల్ బయట, అంటే బొమ్మల్లో, ఆటల్లో, ప్రకటనల్లో పాట వాడితే మీకు వాటా ఉందా? వేరే భాషల్లో వేస్తే? పాటను మీరు వేదిక మీద పాడుకోవచ్చా? (నవ్వకండి, నాకు ఆ హక్కు లేకపోయింది.) నాలుగోది అన్నిటికంటే ముఖ్యం: క్యూ షీటు ఎవరు రాస్తారు? ఎపిసోడులో ఏ సంగీతం, ఎన్ని సెకన్లు, ఎవరు రాసింది అన్న పట్టిక అది. ప్రసారమైనప్పుడల్లా హక్కుల సంఘం ఆ పట్టిక చూసే డబ్బు పంచుతుంది. అందులో మీ పేరు లేకపోతే ఆ సంగీతం మీది కాదన్నట్టే. 26 ఎపిసోడ్ల పట్టికలూ మీరే రాసి మీరే పంపండి. విసుగు పుడుతుంది. రాయండి.

మొండి చెవి రాశారు:

చిల్లర లెక్క గారూ, ఆ బొమ్మ ఇంకా ఉందా?

చిల్లర లెక్క రాశారు:

ఉంది. బ్యాటరీ మార్చాను. ఇప్పుడు శ్రుతిలోనే పాడుతోంది.

ఆరుతీగలు రాశారు:

పది రోజులు కనిపించనందుకు మన్నించండి. స్టూడియోలో పడి ఉన్నాం. జరిగింది చెబుతాను.

వేగం 128, 16 బార్లు. పేర్లు గణవిభజన గారు చెప్పినట్టే. చిటుకు తర్వాత కౌబెల్. మొదటిసారి పాడినప్పుడు మా గాయకుడికి నవ్వు ఆగలేదు, ఎందుకంటే అరవడానికి చోటే లేదు. నాలుగోసారికి అతనికే ఆ పొట్టి పేరు మీద ప్రేమ పుట్టింది. శ్రుతి కూడా మార్చాం. అతను మామూలుగా పాడే ఎత్తు పిల్లల గొంతుకు అందేది కాదు, కాబట్టి పల్లవిని కిందికి దించి, పిల్లలు తమ స్థాయిలో కలిసి పాడేలా చూసుకున్నాం. గిటార్లు పేర్ల దగ్గర చెయ్యి ఆనించే వాయించాం. పల్లవి దగ్గర చెయ్యి ఎత్తగానే అద్దం అవతల కూర్చున్న ఇంజినీరు తల ఊపడం చూశాను. తొమ్మిదేళ్లలో మా పాటకు తల ఊపిన మొదటి ఇంజినీరు.

కోపం సంగతి. మాటలు మళ్లీ రాశాం. మూడు జంతువులూ తమకు వాయించడం రాదని గొప్పగా చెప్పుకునే పాట అయింది. అది మా బ్యాండు మొదటి ఏడాది కథే. రాసింది ఎవరనుకున్నారు? మా బేస్ మిత్రుడు. రాత్రి రెండు గంటలకు ఫోను చేసి, తాబేలు బేస్ వాయిస్తే బాగుంటుందా అని అడిగాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఇక అతను ఎక్కడికీ పోడు అని.

ఒక పొరపాటు కూడా జరిగింది. పన్నెండు బార్లు అయ్యి పదమూడో బారు మొదలయ్యే చోట అతని వేలు జారింది. లావు తీగ మీద "గుయ్య్" మని పెద్ద మూలుగు. మళ్లీ తీద్దామన్నాను. ఆ లోపల ఇంజినీరుగారి ఆరేళ్ల కూతురు బడి నుంచి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. పాట మొత్తం విని, మాటల గురించి గానీ, నా మూడు సెకన్ల ముప్పావు సోలో గురించి గానీ ఒక్క ముక్క అనలేదు. "ఆ గుయ్య్ మళ్లీ వేయండి" అంది. వేశాం. ఆరుసార్లు వేశాం.

దాన్ని ఉంచేశాం. స్టూడియో వాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పందంలో క్యూ షీటు మాట కూడా రాయించాం, ఒక్క బొమ్మల వాటా దగ్గర ఇంకా బేరం నడుస్తోంది.

తాళం తప్పిన డ్రమ్మర్ రాశారు:

కౌబెల్ గురించి ఆ పాప ఏమైనా అందా?

ఆరుతీగలు రాశారు:

లేదండీ.

ఫ్రేము లెక్క రాశారు:

పన్నెండు బార్లు అంటే సరిగ్గా 540 ఫ్రేములు. 541వ ఫ్రేములో భోంభోం అరటి తొక్క మీద కాలు పెట్టాలని మీ యానిమేటర్లకు చెప్పండి. నేలకు తగలడం మాత్రం తర్వాతి బారులో. గాలిలో ఉన్నంతసేపూ గుయ్య్ సాగాలి.

మొండి చెవి రాశారు:

పాట బయటికి వచ్చాక ఇక్కడ చెప్పండి. వింటాను. నచ్చకూడదని కోరుకుంటూ వింటాను.